విద్యుత్తుకు పగ్గం వేసిన ఫ్రాంక్ స్ప్రేగ్

ధాన్యపు బస్తాలతో నిండిన ఎడ్లబండి మెరక ఎక్కేటప్పుడు ఎడ్లు మెడలు వంచి, కాడిని ముందుకు తోస్తాయి. అదే బండి పల్లానికి దిగేటప్పుడు ఆ ఎడ్లే కాళ్లు నిలదొక్కుకొని, వెనుకనుంచి తోసుకొనివచ్చే బరువును ఆపుకొంటూ అడుగడుగునా నిదానించి దిగుతాయి. లాగే పనీ వాటిదే, నిలువరించే పనీ వాటిదే. పల్లంలో బండిని ఆపలేని ఎడ్లను, అవి ఎంత బలిష్ఠమైనవైనా, ఏ రైతూ నమ్మడు.

పందొమ్మిదవ శతాబ్దంలో మానవుడు నిర్మించుకొన్న యంత్రశకటాలకు లాగే బలం పుష్కలంగా ఉండేది. నిలువరించే నేర్పు మాత్రం అంతగా ఉండేది కాదు. బండిని ఆపాలంటే చక్రాలకు కొయ్యదిమ్మెలనో ఇనుపదిమ్మెలనో ఒత్తిపెట్టి రాపిడి కలిగించవలసి వచ్చేది. బొగ్గును మండించి ఎంతో వ్యయంతో సంపాదించిన వేగం ఆ రాపిడిలో వేడిగా మారి గాలిలో కలిసిపోయేది. నడిపించిన యంత్రమే నిలువరించాలనీ, నిలువరించేటప్పుడు శకటం కోల్పోయే శక్తిని వ్యర్థం చేయక తిరిగి అప్పగించాలనీ తలచి, ఆ తలపును పట్టాలమీద పరీక్షించి చూపిన తొలితరం ఇంజనీర్లలో అగ్రగణ్యుడు ఫ్రాంక్ జూలియన్ స్ప్రేగ్. విద్యుత్ శకట విద్యకు పితామహుడని ఆయనను చరిత్రకారులు కీర్తించారు.

స్ప్రేగ్ 1857 జూలై 25న అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కనెక్టికట్ రాష్ట్రంలో, మిల్‌ఫర్డ్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి డేవిడ్ స్ప్రేగ్ టోపీల కర్మాగారంలో ఉద్యోగి. ఫ్రాంక్‌కు తొమ్మిదేళ్లు రాకముందే తల్లి కన్నుమూసింది. భార్యావియోగంతో కుంగిన తండ్రి బ్రతుకుతెరువు వెదుక్కొంటూ పడమటి ప్రాంతాలకు తరలిపోయాడు. తల్లిని కోల్పోయి, తండ్రికి దూరమైన ఫ్రాంక్‌నూ అతని తమ్ముడినీ మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్ ఆడమ్స్‌లో నివసించే మేనత్త చేరదీసింది. ఆమె ఉపాధ్యాయురాలు. ఆమె క్రమశిక్షణలో పెరిగిన ఫ్రాంక్ పాఠశాలలో గణితంలో అసాధారణమైన ప్రజ్ఞ కనబరిచాడు.

1874లో సైనిక కళాశాల ప్రవేశపరీక్ష వ్రాయాలనే సంకల్పంతో అతడు స్ప్రింగ్‌ఫీల్డ్ నగరానికి వెళ్లాడు. తీరా అక్కడికి చేరాక ఆ రోజు జరుగుతున్నది పదాతిసైన్యపు పరీక్ష కాదనీ, అనాపొలిస్‌లోని నౌకాదళ కళాశాల పరీక్ష అనీ తెలిసింది. వచ్చిన అవకాశాన్ని వదులుకోక అతడు ఆ పరీక్షే వ్రాసి నెగ్గాడు. కళాశాలలో చేరడానికి అవసరమైన ధనాన్ని అప్పుగా తీసుకోవలసి వచ్చింది. ఆనాడు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మరొక పరీక్ష జరిగి ఉంటే ఆయన ఏ కోటలోనో సేనానిగా మిగిలిపోయేవాడేమో! అనాపొలిస్‌లో భౌతికశాస్త్రం, అందునా అప్పుడప్పుడే వికసిస్తున్న విద్యుచ్ఛాస్త్రం అతని మనస్సును ఆకట్టుకొన్నాయి. 1878లో పట్టభద్రుడై, రిచ్‌మండ్ అనే యుద్ధనౌకలో ఉద్యోగిగా తూర్పు సముద్రాలకు పయనమయ్యాడు. ఆ పేరే గల ఒక నగరం తన జీవితాన్ని మలుపు త్రిప్పబోతున్నదని అప్పటికి ఆయన ఎరుగడు.

నౌకపై తీరిక దొరికినప్పుడల్లా కొత్త యంత్రాల ఊహాచిత్రాలను తన పుస్తకంలో గీసుకొనేవాడు. తరువాత లాంకాస్టర్ అనే నౌకలో పనిచేస్తూ విద్యుత్తుతో మ్రోగే గంటల అమరికను ఏర్పాటు చేశాడు. అమెరికా నౌకాదళంలో అటువంటి ఏర్పాటు అదే మొదటిది. 1882లో లండన్ నగరంలోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో న్యాయనిర్ణేతల సంఘానికి కార్యదర్శిగా వ్యవహరించే అవకాశం ఆయనకు లభించింది. వివిధ దేశాల డైనమోలను, వాయు ఇంజన్లను పరీక్షించి గుణదోషాలను నిర్ణయించడం ఆ సంఘం పని. ఏ యంత్రం ఎంత శక్తిని ఇస్తున్నదో, అందులో ఎంత వ్యర్థమవుతున్నదో కొలిచి చూసే దృష్టి ఆయనలో అక్కడ బలపడింది.

లండన్‌లో ఉన్న రోజుల్లో స్ప్రేగ్ భూగర్భ రైలులో తరచుగా ప్రయాణించేవాడు. ఆనాడు ఆ రైళ్లను ఆవిరి ఇంజన్లే లాగేవి. సొరంగాలలో దట్టంగా పేరుకొన్న పొగకు ప్రయాణికులు ఉక్కిరిబిక్కిరి అయ్యేవారు. పొగలేని, నిప్పులేని శక్తితో ఈ రైళ్లను నడపలేమా అనే ఆలోచన ఆయనలో అంకురించింది. పైన సాగే తీగనుంచి గాని, పట్టాల నడుమ అమర్చిన వాహకంనుంచి గాని విద్యుత్తును గ్రహించే శకటాన్ని ఆయన మనస్సులో రూపొందించుకొన్నాడు. ఎడిసన్ వ్యాపార ప్రతినిధి ఎడ్వర్డ్ జాన్సన్ ఆ ప్రదర్శనలో ఆయన ప్రతిభను గుర్తించి, ఎడిసన్ వద్ద చేరవలసిందిగా ప్రోత్సహించాడు.

1883లో స్ప్రేగ్ నౌకాదళానికి రాజీనామా చేసి ఎడిసన్ బృందంలో చేరాడు. ప్రయోగాలమీద ప్రయోగాలు చేసి ఫలితాన్ని రాబట్టడం ఎడిసన్ పద్ధతి. ముందుగా లెక్క కట్టి, ఆపైన ప్రయోగానికి పూనుకోవడం స్ప్రేగ్ పద్ధతి. నగరాలలో విద్యుత్ దీపాలకు తీగలు ఎంత మందంగా ఉండాలో గణితం ద్వారా నిర్ణయించే విధానాన్ని రూపొందించి ఆయన ఎడిసన్ సంస్థకు ఎంతో శ్రమను, వ్యయాన్ని తగ్గించాడు. అయితే ఎడిసన్ మనస్సు దీపాలపైన, స్ప్రేగ్ మనస్సు మోటార్లపైన లగ్నమై ఉన్నాయి. ఏడాది తిరగకుండానే, 1884లో, స్ప్రేగ్ బయటికి వచ్చి సొంతంగా మోటార్ల సంస్థను స్థాపించాడు. జాన్సన్ ఆయనకు అండగా నిలిచాడు.

అప్పటి మోటార్లకు రెండు పెద్ద లోపాలుండేవి. భారం పెరిగితే వేగం తగ్గేది, భారం తగ్గితే వేగం విపరీతంగా పెరిగేది. భారం మారినప్పుడల్లా బ్రష్షుల స్థానం కూడా మార్చవలసి వచ్చేది. లేకుంటే నిప్పురవ్వలు రాలేవి. స్ప్రేగ్ ఈ రెండు లోపాలనూ సరిదిద్ది, భారం మారినా వేగం మారని మోటారును, బ్రష్షులను కదల్చనవసరం లేనిదానిని తయారుచేశాడు. ఎడిసన్ సంస్థ సైతం దానిని తన ఖాతాదారులకు సిఫారసు చేసింది. కర్మాగారాలలో కుట్టుయంత్రాలకు, ముద్రణయంత్రాలకు, బరువులెత్తే సాధనాలకు ఆ మోటార్లను అమర్చసాగారు.

స్ప్రేగ్ ఆలోచనలో కొత్తదనం తెలియాలంటే మోటారు స్వభావాన్ని కొంత గ్రహించాలి. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్టలోకి విద్యుత్తును పంపితే ఆ చుట్ట తిరుగుతుంది. అదే మోటారు. అదే చుట్టను మరొక బలంతో త్రిప్పితే అందులో విద్యుత్తు పుడుతుంది. అది డైనమో. ఈ రెండూ వేర్వేరు యంత్రాలు కావు. ఒకే యంత్రానికి రెండు ముఖాలు. అందువల్ల మోటారు తిరుగుతున్నంతసేపూ, తనలోకి వచ్చే విద్యుత్తుకు ఎదురుగా తానూ కొంత విద్యుత్ పీడనాన్ని పుట్టిస్తూనే ఉంటుంది. సరఫరా తీగలోని పీడనం ఎక్కువగా ఉన్నంతకాలం విద్యుత్తు మోటారులోకి ప్రవహిస్తుంది, శకటం ముందుకు సాగుతుంది. మోటారు పుట్టించే పీడనం సరఫరా పీడనాన్ని మించిన మరుక్షణం ప్రవాహం వెనుదిరుగుతుంది. అంతవరకు శక్తిని స్వీకరించిన మోటారు శక్తిని ఇచ్చే డైనమోగా మారి, చక్రాల గమనాన్ని అడ్డగిస్తుంది.

ఈ అడ్డగింపు ఎటువంటిదో సైకిలుకు డైనమో దీపం బిగించుకొన్నవారికి అనుభవమే. డైనమోను టైరుకు ఆనించి దీపం వెలిగించగానే తొక్కుడు బరువెక్కుతుంది. దీపానికి అందే శక్తి తొక్కేవాని కాళ్లనుంచే రావాలి గనుక ఆ బరువు తప్పదు. దీపం ఎంత పెద్దదైతే బరువు అంత ఎక్కువ. అలాగే రైలు పల్లానికి దిగేటప్పుడు చక్రాలు మోటారును త్రిప్పి విద్యుత్తును పుట్టిస్తాయి. ఆ పుట్టించే శ్రమే వాటి వేగాన్ని తగ్గిస్తుంది.

మరి ఈ నిరోధాన్ని ఎక్కువ తక్కువలు చేయడమెట్లా? స్ప్రేగ్ సమాధానం అతి సరళమైనది. మోటారులోని అయస్కాంతం కూడా విద్యుత్తుతో ఏర్పడేదే. దాని చుట్టలలోని ప్రవాహాన్ని పెంచితే అయస్కాంతం బలపడుతుంది; మోటారు పుట్టించే పీడనం సరఫరా పీడనాన్ని మించుతుంది; శకటం నెమ్మదిస్తుంది. ప్రవాహాన్ని తగ్గిస్తే నిరోధం సడలుతుంది. ఒక స్వల్ప ప్రవాహాన్ని సవరించే చిన్న మీటతో అనేక టన్నుల బండి వేగాన్ని చేతిలో ఉంచుకోవచ్చు. కొయ్యదిమ్మెల రాపిడి తడికి ఒకలా, వేడికి మరొకలా ఉంటుంది. దిమ్మెలు అరిగేకొద్దీ మారుతుంది. విద్యుత్తుతో కలిగే నిరోధం మీట జరిపినంత మేరకే ఉంటుంది. అంతేకాక, దిగే బండి పుట్టించిన విద్యుత్తు తీగలగుండా పోయి, అదే సమయంలో ఎక్కుతున్న మరొక బండికి ఉపకరిస్తుంది.

ఈ పద్ధతికి హద్దులూ లేకపోలేదు. తిరిగివచ్చే విద్యుత్తును అందుకొనేందుకు ఆ మార్గంలో మరొక బండి ఉండాలి. లేకుంటే దానిని నిరోధకాలలోకి మళ్లించి వేడిగా పోగొట్టవలసిందే. వేగం బాగా తగ్గాక మోటారు పుట్టించే పీడనం కూడా తగ్గిపోతుంది గనుక, బండిని చివరకు పూర్తిగా నిలపడానికి మామూలు బ్రేకు సహాయం అవసరమవుతుంది.

1885 డిసెంబరులో బోస్టన్ నగరంలోని ఒక విద్వత్సభలో స్ప్రేగ్ తన రైలు పథకాన్ని వివరించాడు. న్యూయార్క్ నగరవీథులపై ఎత్తైన స్తంభాలమీద నడిచే రైళ్లను అప్పట్లో చిన్న ఆవిరి ఇంజన్లు లాగుతుండేవి. కొద్దికొద్ది దూరానికే స్టేషను రావడంవల్ల ఆ రైళ్లు వేగం పుంజుకోవడం, వెంటనే ఆగిపోవడం నిరంతరం జరిగేది. ఇంత తరచుగా ఆగే రైళ్లు ఆగిన ప్రతిసారీ శక్తిని వృథాచేయడం ఆయనకు అన్యాయమనిపించింది. ముందుగా ఒక చక్కెర శుద్ధి కర్మాగారపు గోడల నడుమ చిన్న పట్టా వేసి పరీక్షించి, 1886లో ఆ ఎత్తు రైలుమార్గపు ఒక శాఖపైనే ప్రయోగాలు సాగించాడు. బండిని నడపడానికీ, నిలువరించడానికీ మోటార్లనే ఉపయోగించి తన సిద్ధాంతం నిజమని నిరూపించాడు.

అయితే సిద్ధాంతం నెగ్గినా వ్యాపారం నెగ్గలేదు. ఆ రైలుమార్గాలపై పెత్తనం కలిగిన జే గౌల్డ్ అనే ధనాధిపతి ప్రయోగాన్ని చూడవచ్చాడు. ఆయనకు తన యంత్రం చెప్పినట్లు వింటుందని చూపాలనే ఉత్సాహంలో స్ప్రేగ్ మీటను కొంత దురుసుగా జరిపాడు. ఆ క్షణంలో రక్షణ ఫ్యూజు పెద్ద మెరుపుతో కాలిపోయింది. గౌల్డ్ బెదిరిపోయి బండినుంచి దూకబోయాడు. అటుపైన ఆయన ఈ పథకంవైపు కన్నెత్తి చూడలేదు. నిగ్రహమే ప్రాణంగా గల యంత్రాన్ని నిర్మించినవాడు ఒక్క క్షణం తన నిగ్రహాన్ని కోల్పోయి పెద్ద అవకాశాన్ని చేజార్చుకొన్నాడు.

స్ప్రేగ్ నిరాశ చెందలేదు. 1887లో వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ నగరంలో వీథి ట్రాములను విద్యుత్తుతో నడిపే గుత్తను అంగీకరించాడు. సుమారు 12 మైళ్ల మార్గం, 40 బండ్లు, 80 మోటార్లు, వాటికి విద్యుత్తునిచ్చే కేంద్రం, అన్నీ 90 రోజులలో సిద్ధం కావాలి. పని సంతృప్తికరంగా ఉంటేనే సొమ్ము చెల్లిస్తారు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నవి కొన్ని నమూనా యంత్రాలు, కాగితంమీది చిత్రాలు మాత్రమే. గుత్త కుదిరిన కొద్దికాలానికే ఆయన టైఫాయిడ్ జ్వరంతో మంచమెక్కాడు. సైనిక కళాశాలలనుంచి వచ్చిన ఆస్కార్ క్రాస్బీ, డేనా గ్రీన్ అనే ఇద్దరు యువకులు ఆ కాలంలో పనిభారాన్ని మోశారు.

కోలుకొని రిచ్‌మండ్ చేరిన స్ప్రేగ్ అక్కడి మార్గాన్ని చూసి దిగ్భ్రాంతి చెందాడు. బంకమట్టిలో వదులుగా పరచిన పట్టాలు, ఇరుకైన మలుపులు, నూరడుగులకు పదడుగులు లేచే మెరకలు. తన మోటార్లు అంతటి మెరకను ఎక్కగలవా అనే సందేహం ఆయనను పీడించింది. సందేహాన్ని దాచుకోక ఒక రాత్రివేళ బండిని స్వయంగా పరీక్షకు తీశాడు. బండి మెరకలన్నీ ఎక్కింది. నగరపు నడిబొడ్డుకు చేరేసరికి జనం మూగారు. కాని ఆ శ్రమకు మోటారు లోపల కాలిపోయింది. ఆ సంగతి బయటపడితే నగరవాసుల విశ్వాసం సడలిపోతుంది. స్ప్రేగ్ తొణకలేదు. వలయంలో చిన్న చిక్కు వచ్చిందని, దానిని సరిచేసే పనిముట్లను తీసుకొనిరమ్మని నలుగురికీ వినపడేలా సహచరునికి చెప్పి, దీపాలార్పి బండిలోనే మేను వాల్చాడు. జనం విసిగి వెళ్లిపోయిన తరువాత ఆ పనిముట్లు వచ్చాయి. అవి నాలుగు కంచరగాడిదలు! వాటిని పూన్చి బండిని ఈడ్చుకొనిపోయారు.

ఆ రాత్రి తరువాత ఆయన మోటారుకూ చక్రానికీ నడుమ పళ్లచక్రాల అమరికను మార్పించాడు. మోటారును ఒక వైపు ఇరుసుమీద, మరొక వైపు స్ప్రింగుమీద ఆనించి, పట్టాల కుదుపులు తగిలినా పళ్లచక్రాల పట్టు తప్పకుండా చేశాడు. శీతకాలంలో తీగలపై మంచు పేరుకొని విద్యుత్తు అందకపోతే కూలీలు బండ్ల పైకెక్కి చీపుళ్లతో మంచును దులిపారు. గడువు ఎన్నడో దాటిపోయింది. సంస్థ నిధులు కరిగిపోయాయి. ఎట్టకేలకు 1888 ఫిబ్రవరి 2న రిచ్‌మండ్ విద్యుత్ ట్రాములు ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. నిటారు మెరకలను ఎక్కడానికి తొలి కుదుపులోనే గొప్ప బలమిచ్చే మరొక తరహా మోటార్లను అక్కడ అమర్చవలసి వచ్చింది. అటువంటి మోటార్లు విద్యుత్తును తిరిగి ఇవ్వడానికి అనువైనవి కావు. ఆ కారణంగా, నిలువరిస్తూ శక్తిని రాబట్టే ఆలోచనను స్ప్రేగ్ అప్పటికి పక్కన ఉంచవలసి వచ్చింది. మెరక ఎక్కే బలం కోసం పల్లంలోని పొదుపును ఆయన వదులుకొన్నాడు.

రిచ్‌మండ్ గుత్త స్ప్రేగ్‌కు ధననష్టాన్ని, దానికి వేయింతల కీర్తిని మిగిల్చింది. బోస్టన్ నగరంలో వేలాది గుర్రాలతో ట్రాములు నడుపుతున్న హెన్రీ విట్నీ ఆ వింతను చూడ వచ్చాడు. ఒకేసారి అనేక బండ్లు కదిలితే విద్యుత్ కేంద్రం తట్టుకోలేదనే అనుమానం ఆయన వెంట వచ్చినవారికి ఉండేది. స్ప్రేగ్ ఒక రాత్రి 22 బండ్లను ఒకేచోట వరుసగా నిలిపి, ఒకదాని వెనుక ఒకటిగా కదిలించాడు. దీపాలు మసకబారాయి గాని బండ్లన్నీ కదిలిపోయాయి. బోస్టన్ నగరం విద్యుత్తును ఎన్నుకొంది. 1890 నాటికి స్ప్రేగ్ పరికరాలతో నిర్మించిన లేక నిర్మించదలచిన విద్యుత్ మార్గాలు నూటికి పైగా ఉన్నాయి. వీథులలో చర్నాకోల దెబ్బలు తింటూ బరువు లాగిన మూగజీవాలకు క్రమంగా విముక్తి లభించింది.

ఇంతలో ఆయనకు మరొక రకపు కష్టం ఎదురైంది. ఎడిసన్ సంస్థ స్ప్రేగ్ కంపెనీని కొనివేసింది. కొద్దికాలానికే ఆయన రూపొందించిన యంత్రాలపై ఆయన పేరు చెరిగిపోయి, ఎడిసన్ పేరు వెలసింది. ధననష్టాన్ని ఓర్చుకొన్న స్ప్రేగ్ ఈ నామహరణాన్ని ఓర్వలేక 1890లో ఆ సంస్థనుంచి వైదొలగాడు. ఆ గాయం జీవితాంతం మానలేదు. అయినా దానిని తలచుకొంటూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు.

అప్పటికి నగరాలలో భవనాలు మేఘాలను తాకుతున్నాయి. వాటిలోని లిఫ్టులను నీటి ఒత్తిడితోనో ఆవిరితోనో నడిపేవారు. పట్టాలమీద అడ్డంగా నడిచిన విద్యుత్తును స్ప్రేగ్ నిలువుగా నడపదలచాడు. చార్లెస్ ప్రాట్ అనే ఇంజనీరుతో కలిసి విద్యుత్ లిఫ్టును రూపొందించి, 1894లో న్యూయార్క్‌లోని పోస్టల్ టెలిగ్రాఫ్ భవనంలో అమర్చాడు. లిఫ్టులో నడిపించే బలం కన్నా నిలువరించే బలమే ముఖ్యం. మనుషులతో నిండిన గది పల్లానికి దిగే బండి వంటిదే. దాని బరువే మోటారును త్రిప్పుతుంది. అప్పుడు మోటారు డైనమోగా మారి ఆ బరువును అదుపుచేస్తేనే దిగడం సుఖప్రదమవుతుంది. ఎత్తు రైలుకోసం చేసిన ఆలోచన ఈ విధంగా ఎత్తు మేడలకు అక్కరకు వచ్చింది.

అనేక లిఫ్టులను ఒకే మీటతో కదిలించే ప్రయత్నం చేస్తుండగా ఆయనకు మరొక గొప్ప ఆలోచన తట్టింది. రైలుకు ముందు ఒక ఇంజను కట్టి పెట్టెలన్నిటినీ లాగించడమెందుకు? పెట్టెల కిందనే మోటార్లు అమర్చి, అన్నిటినీ ఒకే డ్రైవరు ఒకే చిన్న మీటతో నడిపితే పెట్టెలను కావలసినన్ని కలుపుకోవచ్చు, విడదీసుకోవచ్చు. చికాగో నగరపు ఎత్తు రైలు సంస్థకు ఈ పద్ధతిని అమర్చడానికి 1897లో ఒప్పందం చేసుకొన్నాడు. ఆ జూలైలో జరిగిన పరీక్షలో ఆరు పెట్టెల రైలును ఆయన పదేళ్ల కుమారుడు నడిపాడు. అంత బలీయమైన యంత్రసముదాయం బాలుని చేతికి లొంగడం చూసి చూపరులు విస్మయం చెందారు. ప్రపంచంలోని భూగర్భ రైళ్లు, నగర రైళ్లు నేటికీ ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

1902 జనవరిలో న్యూయార్క్‌లోని ఒక సొరంగంలో ఆవిరి పొగ కమ్మిన వేళ ఒక రైలు సంకేతాలను దాటిపోయి, ఆగి ఉన్న మరొక రైలును ఢీకొంది. 15 మంది మరణించారు. ఆవిరి ఇంజన్లకు నగరంలో స్వస్తి పలకాలని ప్రజలు ముక్తకంఠంతో కోరారు. గ్రాండ్ సెంట్రల్ స్టేషనును విద్యుదీకరించే సంఘంలో స్ప్రేగ్ సభ్యుడై, ఇంజనీరు విలియం విల్గస్‌తో కలిసి, పట్టాల పక్కన సురక్షితంగా విద్యుత్తును అందించే మూడవ పట్టాను రూపొందించాడు. యౌవనంలో లండన్ సొరంగంలో పీల్చిన పొగకు ఇరవై ఏళ్ల తరువాత ఆయన ఇచ్చిన సమాధానమది. ఆ తరువాత, డ్రైవరు ఏమరుపాటున సంకేతాన్ని దాటినా రైలు తనంతట తాను ఆగే సాధనాలపై చాలా ఏళ్లు కృషిచేశాడు. రైలును నడిపించడంతో మొదలైన ఆయన జీవితకృషి, రైలును సకాలంలో ఆపడం అనే ధ్యేయంతో పరిసమాప్తమయింది.

1910లో ఆయనకు విద్యుత్ ఇంజనీర్ల అత్యున్నత పురస్కారం లభించింది. దాని పేరు ఎడిసన్ పతకం కావడం విధి విలాసం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళ సలహామండలిలో సేవచేసిన స్ప్రేగ్ 1934 అక్టోబరు 25న న్యూయార్క్‌లో, 77వ ఏట తుదిశ్వాస విడిచాడు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఆయన భౌతికకాయాన్ని ఖననం చేశారు. దీపం పేరు చెప్పగానే ఎడిసన్ స్మరణకు వచ్చినట్లుగా, రైలు పేరు చెప్పగానే స్ప్రేగ్‌ను స్మరించేవారు అరుదు. ఆ లోటును తీర్చడానికి ఆయన సతీమణి హారియెట్ చివరివరకు పాటుపడింది.

స్ప్రేగ్ కృషి ఫలితాలు మన నేలకూ చేరాయి. రిచ్‌మండ్ ట్రాములు మొదలైన ఏడేళ్లకే, 1895లో, కోస్తాంధ్ర రాయలసీమలకు నాడు రాజధానిగా ఉన్న మద్రాసు నగరంలో విద్యుత్ ట్రాములు నడిచాయి. 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో మనదేశపు తొలి విద్యుత్ రైలు బయలుదేరింది. అది పెట్టెల కిందనే మోటార్లు అమర్చిన స్ప్రేగ్ తరహా రైలు. హైదరాబాదు నగరంలో 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు, 2017లో మెట్రో రైళ్లు అదే బాటలో వచ్చాయి. రిచ్‌మండ్‌లో ఆయన వదులుకోవలసి వచ్చిన ఆలోచన కూడా వృథా కాలేదు. 1915లో అమెరికాలోని పర్వతమార్గాల్లో దిగే రైళ్లు ఎక్కే రైళ్లకు విద్యుత్తును అందించసాగాయి. అర్ధవాహక పరికరాలు వచ్చిన తరువాత అది సర్వసాధారణమైంది. హైదరాబాదు మెట్రో రైలు స్టేషనును సమీపించి నెమ్మదించేటప్పుడు దాని మోటార్లు డైనమోలుగా మారి విద్యుత్తును తిరిగి ఇస్తాయి. ఇంజన్ల సామర్థ్యాన్ని కొలిచే ప్రయోగశాలల్లో, ఆ ఇంజన్లపై కోరినంత భారం మోపడానికి మోటారునే నిరోధంగా వాడుతున్నారు. విద్యుత్ కార్లలోనూ, కొన్ని స్కూటర్లలోనూ ఈ సూత్రమే పనిచేస్తున్నది.

శక్తిని సంపాదించడం ఒక విద్య. సంపాదించిన శక్తిని అదుపులో ఉంచుకోవడం అంతకన్నా కష్టమైన విద్య. పల్లంలో కాలు నిలదొక్కుకొనే ఎడ్లవలె యంత్రానికి ఆ విద్యను నేర్పినవాడు స్ప్రేగ్. ఆయన పేరు ఎక్కడా వ్రాసి లేకపోయినా, నిండుగా జనంతో వచ్చిన రైలు కుదుపు లేకుండా వేగం తగ్గించుకొంటూ స్టేషనులోకి ప్రవేశించిన ప్రతిసారీ ఆయన తలపు అక్కడ పనిచేస్తూనే ఉంటుంది.